ఇక్కడ మాత్రమే వెలుగు

ఫొటోలో ఒక ముఖానికి వెలుగు కావాలంటే ఫొటో మొత్తానికీ వెలుగు పెట్టక్కర్లేదట! ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లలో మాస్కింగ్ బ్రష్ అని ఒకటుంది. దాంతో ఎక్కడ రాస్తే అక్కడే మారుతుంది, పక్కన వెంట్రుకవాసి కూడా కదలదు. వృత్తిలో ఉన్న ఫొటోగ్రాఫర్లకి ఇది ఎప్పటినుంచో తెలిసిన పనే కావచ్చు. నాకు మాత్రం కొత్త. తెలిసినప్పటి నుంచి కనపడినవాళ్లందరినీ లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి చూపిస్తున్నాను. కూరలు తేవడానికి బయల్దేరిన మా తమ్ముణ్ణి సంచీతో సహా ఆపి చూపించాను. వాడూ కూర్చుండిపోయాడు.

ఇన్నాళ్లూ నాకు తెలిసినవి స్లైడర్లే. నేను వాడే లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే కుడిపక్కన వరసగా ఉంటాయి: ఎక్స్‌పోజర్, కాంట్రాస్ట్, హైలైట్స్, షాడోస్, వైట్స్, బ్లాక్స్. వాటిని అటూ ఇటూ జరిపితే ఫొటో తేరుకుంటుంది, నిజమే. కానీ ఫొటోలో ఏముందో వాటికి తెలియదు. షాడోస్ స్లైడర్‌కి నీడ అంటే నీడే. అది మనిషి కళ్ల కింద పడిన నీడా, గోడమూల చీకటా అన్నది దానికి పట్టదు. రెంటినీ ఒకే మోతాదులో పైకి లేపుతుంది.

నా దగ్గర ఒక ఫొటో ఉంది, భూదాన్ పోచంపల్లిలో ఒక ఇంటి ముందుగదిలో తీసింది. ఒక పెద్దావిడ గుమ్మం పక్కన కూర్చుని ఆసు పోస్తోంది. ఇకత్ చీర పేకకి నూలు సిద్ధం చేసే పని అది. ఒక చట్రం మీద అర్ధచంద్రాకారంలో పుల్లలు వరసగా బిగించి ఉంటాయి, ఎదురుగా ఇంకో చివర ఒక్కటే పుల్ల. ఆ ఒక్కదాని నుంచి పోగుని తీసుకెళ్లి వరసలో ఉన్న పుల్లకి తగిలించి, మళ్లీ వెనక్కి తెచ్చి, మళ్లీ పక్క పుల్లకి. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అలా తిరగాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజాల బాధ చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేసింది ఈ పని తప్పించడానికే. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంట్లో మాత్రం ఆవిడ చేత్తోనే పోస్తోంది. ఫొటో తీసుకుంటానంటే, "తీసుకో బిడ్డా, నా చెయ్యి మాత్రం ఆగది" అంది.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. గుమ్మంలోంచి వచ్చిన వెలుగు గచ్చు మీద తెల్లటి చాపలా పడింది. లోపల వెనకగోడకి ఒక పసుపు బల్బు. ఆవిడ ముఖం ఆ రెండింటికీ మధ్య, నీడలో. నేను కంటితో చూసినప్పుడు అన్నీ కనపడ్డాయి: వాకిట్లో ఆరేసిన రంగునూలు, ఆవిడ నుదుటి ముడతలు, పుల్లల మధ్య విసనకర్రలా పరుచుకున్న పోగులు. కెమెరాలో చూస్తే వాకిలి తెల్లగా కాలిపోయింది, ముఖం నల్లగా మిగిలింది.

ఎందుకలా అంటే, కన్ను ఒక్క చూపుతో గదిని చూడదు. వాకిలి వైపు తిరిగితే కంటిపాప ముడుచుకుంటుంది, నీడ వైపు తిరిగితే విప్పుకుంటుంది. అలా తిరిగి తిరిగి పోగేసిన ముక్కలన్నిటినీ కలిపి మెదడు మనకి ఒక గదిని చూపిస్తుంది. కెమెరాకి ఆ తిరుగుడు లేదు. షట్టరు ఒకసారి తెరుచుకుంటుంది, ఎక్స్‌పోజర్ ఒకటే. వాకిటికీ అదే, ముఖానికీ అదే.

స్లైడర్లతో ఆ ఫొటోని దిద్దితే ఏమవుతుందో ఫొటోలు తీసేవాళ్లందరికీ తెలుసు. షాడోస్ పెంచాను, ముఖం తేలింది. దాంతోపాటే వెనకగోడా తేలింది, మూలనున్న బిందెలూ తేలాయి, మంచం కింద కుక్కిన సంచులూ తేలాయి. నల్లగా ఉండాల్సినవన్నీ బూడిదరంగుకి తిరిగి, గదిలో లోతు పోయింది. హైలైట్స్ తగ్గించాను, వాకిలి దారికొచ్చింది గానీ పోగుల మీది మెరుపు చచ్చిపోయింది. ఒకదాన్ని బతికిస్తే ఇంకోటి పోతోంది. ఫొటో అంటే ఇంతేలే, కన్ను చూసింది కాగితం మీదకి రాదులే అనుకుని ఆ ఫోల్డర్ మూసేశాను.

ఈమధ్య ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ పక్కన కూర్చుని చూస్తుంటే, ఆయన కీబోర్డు మీద 'కే' నొక్కాడు. మౌస్ బాణం పోయి రెండు వలయాలు వచ్చాయి, ఒకదానిలో ఒకటి. వాటిని పెళ్లికూతురి తల్లి ముఖం మీద రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. ఎక్స్‌పోజర్ కాస్త జరిపాడు. ముఖం ఒక్కటే, ఆ ముఖం ఒక్కటే, వెలుగులోకి వచ్చింది. వెనకున్న పట్టుచీరలు, స్టేజీ పూలు, ఏదీ కదల్లేదు. "అన్నా, ఇంకోసారి!" అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది. "ఇది బ్రష్ అండీ, మామూలే" అన్నాడు.

మామూలా! ఇంటికొచ్చి పోచంపల్లి ఫొటో మళ్లీ తెరిచాను.

ముందు ఆ వలయాల సంగతి. లోపలి వలయంలో బ్రష్ పూర్తి బలంతో పనిచేస్తుంది. లోపలిదానికీ బయటిదానికీ మధ్య ఉన్న జాగాలో బలం మెల్లగా తగ్గుతూ పోయి బయటి అంచు దగ్గర సున్నా అవుతుంది. ఆ జాగా పేరు ఫెదర్. 0 పెడితే కత్తితో కోసినట్టు అంచు తెలుస్తుంది, 100 పెడితే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనిపెట్టలేం. ముఖం మీద వెలుగు రాయాలంటే 100 దగ్గరే ఉంచుతున్నాను. అసలు ముఖాల మీద వెలుగుకి అంచులుండవు కదా. చెంప మీద మొదలై చెవి దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడు తగ్గిందో తెలియకుండా తగ్గుతుంది.

ఫ్లో ఇంకో అద్భుతం. ఒక్కసారి రాస్తే ఎంత పడాలో అది చెబుతుంది. 100లో ఉంటే ఒక్క రాతతో మొత్తం పడిపోతుంది. 15కో 20కో తగ్గించి రాస్తే పొర మీద పొర పడుతుంది, కంటికి సరిపోయినప్పుడు ఆపొచ్చు. ఆవిడ నుదుటి మీద ఒక పొర, కుడి చెంప మీద రెండు, గడ్డం కింద అసలు వద్దు. డెన్సిటీ అని మూడోది ఉంది, ఎన్ని పొరలు రాసినా ఇంతకు మించకూడదని గీసిన హద్దు అది. బ్రష్ సైజు మార్చడానికి మెనూలోకి వెళ్లక్కర్లేదు, చదరపు బ్రాకెట్ల కీలు నొక్కితే పెరుగుతుంది, తరుగుతుంది. ఎడమచెయ్యి కీల మీదే ఉంచుకుని కుడిచేత్తో రాస్తూ పోవచ్చు. అలవాటైతే చూపు తెర మీంచి పక్కకి పోదు.

ముఖానికి ఎక్స్‌పోజర్ ఎంత పెట్టానో చెబితే నమ్మరు. 0.6 స్టాపు. ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు, ఇది అంతకన్నా తక్కువే. ఆ మాత్రానికే ఆవిడ కళ్లు తెరుచుకున్నాయి. దారం వైపు చూస్తున్న చూపు, పళ్లతో బిగించిన కింది పెదవి, చెవి కమ్మ పక్కన జారిన తెల్లవెంట్రుక, ఇవన్నీ ఫైల్‌లో మొదటినుంచీ ఉన్నాయి! కెమెరా పట్టినదంతా దిద్దకుండా దాచే 14 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకీ 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో అయితే 256 మాత్రమే. ఆ చీకట్లో నేను చూసినదంతా కెమెరా దాచే ఉంచింది. తీసి ఇవ్వమని అడగడం మనకి తెలియాలి.

ఎక్కడ రాశామో చూసుకోవాలంటే 'ఓ' నొక్కాలి, రాసినచోటంతా ఎర్రటి పొర కనపడుతుంది. ఈ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఇంకా ముచ్చటపడ్డాను. ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్రెస్సుల్లో రూబీలిత్ అనే ఎర్రటి పారదర్శక ఫిల్ము వాడేవారు. పలచటి కత్తితో దాన్ని ఆకారానికి తగ్గట్టు కోసి, వెలుగు తగలకూడని చోట కప్పేవారు. ప్రెస్సులో వాడే లిత్ ఫిల్ముకి ఎరుపు కనపడదు, దానికి అది నలుపుతో సమానం. కోసే మనిషికి మాత్రం కింద ఏముందో ఎర్రగా కనపడుతూనే ఉంటుంది. ఫొటోషాప్ వచ్చాక మాస్కుకి అదే రంగు పెట్టారు. ఇప్పుడు లైట్‌రూమ్‌లో ఆవిడ ముఖం మీద నేను చూస్తున్నది ఆ ప్రెస్సు ఫిల్ము ఎరుపే.

ఇక ఆటో మాస్క్. బ్రష్ నడిమధ్య ఒక చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది. ఆటో మాస్క్ టిక్ పెడితే, ఆ గుర్తు కింద ఏ రంగు ఉందో చూసుకుని, వలయంలో దానికి దగ్గరగా ఉన్నచోట మాత్రమే రాస్తుంది. గుమ్మం చెక్క అంచు వెంట నేను గీత తప్పకుండా లాగలేను, నా చెయ్యి అంత కుదురు కాదు. ప్లస్ గుర్తు వాకిలి వైపు ఉంటే చాలు, వలయం సగం చెక్క మీదకి పోయినా చెక్క ముట్టుకోదు. వాకిలికి ఎక్స్‌పోజర్ తగ్గిస్తే గచ్చు గరుకు బయటపడింది, ఆరేసిన నూలులో ఎరుపు వేరు, మెరూన్ వేరు అని తెలిసింది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఐఎస్ఓ ఎక్కువ పెట్టి తీసిన ఫొటోల్లో గింజలు గింజలుగా ఉన్న చోట ఆటో మాస్క్ ఆ గింజల్నే అంచులనుకుంటుంది, రాత పొక్కిపోయి కనపడుతుంది. అలాంటి చోట టిక్ తీసేసి ఫెదర్ పెంచి చేత్తో రాయడమే మేలు. రాత దాటిపోతే ఆల్ట్ నొక్కిపట్టి అదే బ్రష్‌తో చెరిపేయొచ్చు.

నన్ను కుర్చీలోంచి లేపింది మాత్రం పోగులు. విసనకర్రలా పరుచుకున్న వందల పోగులు, ఒక్కోటి ఫొటోలో రెండు మూడు పిక్సెళ్ల మందం. వాటి మధ్య చీకటి. పోగులు మాత్రం మెరవాలి, మధ్యనున్న చీకటి చీకటిగానే ఉండాలి. ఒక్కో పోగు మీద బ్రష్ లాగడం మనిషి చేసే పని కాదు. దీనికొక దారి ఉంది. ముందు పోగులన్నిటి మీదా, మధ్యనున్న చీకటితో సహా, వెడల్పాటి బ్రష్‌తో హాయిగా రాసేయాలి. తర్వాత ఆ మాస్కుకి ల్యూమినెన్స్ రేంజ్‌తో ఇంటర్‌సెక్ట్ పెట్టాలి. అంటే బ్రష్ రాసిన చోటా అయ్యుండాలి, ఇంత వెలుగు పైన ఉన్న చోటా అయ్యుండాలి, రెండూ కలిసిన చోటే మార్పు. 'ఓ' నొక్కి చూస్తే ఎరుపంతా మాయమై పోగులు మాత్రమే ఎర్రగా మిగిలాయి. ఒక్కో పోగూ, కొసదాకా! వెయ్యి మంది పని రెండు క్లిక్కుల్లో అయిపోయింది. టెక్స్చర్ కొంచెం పెంచాను, ఎక్స్‌పోజర్ ఇంకొంచెం. నూలు మీది నూగు కూడా కనపడింది.

ఈ పని నాకు ఇంత తొందరగా ఎక్కడానికి కారణం ఆ ఇల్లే. ఆసు పోశాక ఏం చేస్తారో ఆ రోజు చూశాను. నూలుకట్ట మీద డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలు బిగించి చుడతారు. కట్ట మొత్తం రంగులో మునుగుతుంది. పట్టీ ఉన్నచోట తెల్లగా మిగులుతుంది. ఇంకో రంగుకి ఇంకో చోట పట్టీలు. కట్టు అంచు దగ్గర రంగు కాస్త లోపలికి పాకి, ఇకత్‌కి ఆ పొగచూరినట్టుండే అంచు వస్తుంది. మాస్క్ అచ్చం అదే. రంగు ఎక్కడ తాకాలో, ఎక్కడ ఆగాలో ముందుగా కట్టి పెట్టుకోవడం. ఫెదర్ అంటే ఏమిటో నాకు మాన్యువల్ కన్నా ఆ అంచే బాగా చెప్పింది.

లోపల జరిగే లెక్క ఇంకా అందంగా ఉంది. మాస్క్ అంటే ఫొటో మీద పరిచిన ఇంకో బొమ్మ, నలుపూ తెలుపూ వాటి మధ్య బూడిదరంగులూ తప్ప ఇంకేమీ లేనిది. 8 బిట్ల లెక్కలో ప్రతి పిక్సెల్‌కీ 0 నుంచి 255 దాకా ఒక అంకె. 0 ఉన్నచోట పాత ఫొటో ఉన్నదున్నట్టు, 255 ఉన్నచోట దిద్దిన ఫొటో పూర్తిగా, 128 ఉంటే దాదాపు సగం ఇది సగం అది. ఎక్స్‌పోజర్ అయినా, రంగైనా, షార్ప్‌నెస్ అయినా ఇదే సూత్రం. మనం బ్రష్‌తో రాస్తున్నామంటే నిజానికి ఆ అంకెలు నింపుతున్నాం.

ఇంత రాసినా అసలు ఫొటో చెక్కుచెదరదు. రా ఫైల్‌ని సాఫ్ట్‌వేర్ ముట్టుకోదు, మనం చేసినదంతా పక్కన సూచనలుగా రాసుకుంటుంది. ఆ సూచనలు ఉండే ఎక్స్‌ఎంపీ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. నా బ్రష్ రాతలు అందులో అక్షరాలుగా ఉన్నాయి! 'డి' అనే అక్షరం, పక్కన 0.43, 0.31 లాంటి రెండు అంకెలు, అలా వరస మీద వరస. ఫొటో వెడల్పులో ఇంత దూరం, ఎత్తులో ఇంత దూరం, ఇక్కడ ఒక చుక్క వేశారు అని. ఆవిడ నుదుటి మీద నా చెయ్యి వెళ్లిన దారంతా చుక్కచుక్కగా రాసి ఉంది. ఏడాది తర్వాత తెరిచి నుదుటి మీది పొర ఒక్కటే తీసేయాలన్నా తీసేయొచ్చు.

వెలుగు ఒక్కటే అయితే ఇంత సంబరపడేవాణ్ణి కాదేమో. బ్రష్‌తో రంగు ఉష్ణోగ్రతనీ రాయొచ్చు! గుమ్మంలోంచి వచ్చే పగటివెలుగు నీలం వైపు ఉంటుంది, వెనకున్న బల్బుది పసుపు. మొత్తానికి ఒకే వైట్ బ్యాలెన్స్ పెడితే ఎవరో ఒకరు నష్టపోతారు: ముఖం సరిగ్గా ఉంటే వెనకగోడ నారింజ, గోడ సరిచేస్తే ముఖం చలికి నీలం తిరిగినట్టు. బ్రష్ తీసుకుని గోడకి మాత్రం టెంపరేచర్ కొంచెం చల్లబరిచాను. పూర్తిగా కాదు, బల్బు ఉందని తెలియాలి. మూల చీకట్లో నాయిస్ ఎక్కువగా ఉంది, అక్కడ మాత్రం నాయిస్ రిడక్షన్ రాశాను, ముఖం మీది గీతలు మెత్తబడకుండా. ఒక్క ఫొటోలో ఒక్కో చోటికి ఒక్కో తీర్పు.

చర్మం రంగు దగ్గర మాత్రం నాకు గట్టి పట్టుదల ఉంది. మన పెళ్లి ఆల్బమ్‌లలో ముఖాలు తెల్లబరచడం ఎంత మామూలైపోయిందో చూస్తూనే ఉన్నాం. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు, చేతులు ఇంకో రంగు. ఆ పని చేసేదీ ఇదే బ్రష్. కానీ నీడలో ఉన్న ముఖాన్ని వెలుగులోకి తేవడం వేరు, నల్లటి ముఖాన్ని తెల్లగా చేయడం వేరు. ఆవిడది చామనఛాయ. 0.6 దాటి ఎక్స్‌పోజర్ పెంచితే చర్మంలోని రాగి ఛాయ పోయి పేలవంగా అవుతోంది. అందుకే అక్కడ ఆపి, అదే మాస్కులో బ్లాక్స్ కాస్త కిందికి దించాను. ముఖానికి వెలుగొచ్చింది, రంగు ఆవిడదే మిగిలింది. వాట్సాప్‌లో పంపితే వాళ్లమ్మాయి జవాబు పెట్టింది: "మా అమ్మ గిట్లనే ఉంటది. ఫొటోలల్ల మాత్రం ఎప్పుడూ గిట్ల రాదు." ఇంతకన్నా మెప్పు నాకు అక్కర్లేదు.

దిద్దితే అది నిజమైన ఫొటో ఎలా అవుతుందని ఎవరైనా అడిగితే డార్క్‌రూమ్ చరిత్ర చూపిస్తాను. అక్కడ నెగెటివ్ గుండా కాగితం మీదకి వెలుగు పడుతుంటే, తీగకి గుచ్చిన అట్టముక్కని కొన్ని క్షణాలు అడ్డం పెట్టేవారు. వెలుగు తగ్గినచోట ప్రింటు తేలికపడుతుంది. ఇంకోచోట చేతులు దొప్పగా పట్టుకుని మధ్య సందులోంచి అదనంగా వెలుగు పోసేవారు, అక్కడ ముదురుతుంది. డాడ్జింగ్, బర్నింగ్ అంటే ఇవే. ఫొటోషాప్‌లో ఆ పనిముట్ల బొమ్మలు గమనించండి, పుల్లకి గుండ్రటి అట్ట ఒకటి, ముడిచిన చెయ్యి ఇంకొకటి. ఆన్సెల్ ఆడమ్స్ 1941 నవంబరులో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని తీశాడు. ఆ ఒక్క నెగెటివ్ నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూనే ఉన్నాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బుచారలు తేలికగా కనపడతాయి, చివరి కాలపు ప్రింట్లలో అదే ఆకాశం దాదాపు కారునలుపు. నెగెటివ్ ఒకటే, చేతులూ అవే, తీర్పు మాత్రం ఏళ్ల తరబడి ముదిరింది.

అంతకుముందే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే 1850లలో సముద్రాన్ని ఒక నెగెటివ్ మీద, ఆకాశాన్ని ఇంకో నెగెటివ్ మీద తీసి ఒకే ప్రింటుగా కలిపాడు. అప్పటి కొలోడియన్ ప్లేట్లు నీలానికి అతిగా స్పందించేవి, అలలు సరిగా రావాలంటే ఆకాశం తెల్లగా కాలిపోయేది. నా గుమ్మం గొడవే ఆయనదీ!

మన ఊళ్ల స్టూడియోల్లో కూడా టచింగ్ ఉండేది. కింద అద్దమూ పైన గరుకుగాజూ ఉన్న బల్ల మీద నెగెటివ్ పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గీతలు కలిపేవారు. నెగెటివ్ మీద పెన్సిల్ పడిన చోట ప్రింటులో తేలికవుతుంది, అలా ముడతలు తగ్గేవి. ఫొటోగ్రఫీలో న్యూ కాక్సీన్ అనే ఎర్రటి రంగు ఒకటి వాడకంలో ఉండేది. దాన్ని పలచగా నీళ్లలో కలిపి, సన్నటి కుంచెతో నెగెటివ్ మీద ముఖం ఉన్నచోట పొరపొరగా పూస్తే ఆ మేరకి వెలుగు ఆగి, ప్రింటులో ముఖం తేరుకునేది. కుంచె, ఎరుపు, పొర మీద పొర. ఫ్లో 15 పెట్టి నేను చేస్తున్న పని ఆ టచింగ్ బల్ల మీద ఎప్పుడో జరిగిందన్నమాట. వాళ్లకి చెరిపే వీలు మాత్రం ఇంత సులువుగా ఉండేది కాదు.

లైట్‌రూమ్‌లోకి ఈ బ్రష్ 2008లో రెండో వెర్షన్‌తో వచ్చింది. 2021లో మాస్కింగ్ ప్యానెల్ మొత్తం మార్చి, ఒక్క నొక్కుతో మనిషినో ఆకాశాన్నో ఎంచుకునే వీలు పెట్టారు. ఆ మరుసటి ఏడాది మనిషిలో ముఖం వేరు, కళ్లు వేరు, జుట్టు వేరుగా ఎంచుకోవడమూ వచ్చింది. అది చూసినప్పుడూ నోరు తెరిచాను, సందేహం లేదు. ఆకాశం కావాలంటే దాన్నే వాడతాను, కొబ్బరాకుల సందుల్లో కూడా పొల్లుపోకుండా పట్టుకుంటుంది. ముఖానికి మాత్రం బ్రషే. యంత్రం ముఖాన్ని ముఖమంతా ఇస్తుంది. నాకు కావలసింది ముఖంలో గుమ్మం వైపున్న చెంప, అదీ పైసగం. వెలుగు ఎటునుంచి వస్తోందో చూసి, అటే ఇంకొంచెం రాయాలి. ఆ చూడటం కోసం ఒక ఫొటోని ఎంతసేపు దగ్గరగా చూస్తామో! ఆవిడ కుడిచేతి చూపుడువేలి మీద పోగు రాసుకుపోయి గాడి పడింది. ఎదురుగా కూర్చుని ఫొటో తీస్తున్నప్పుడు అది నా కంటపడలేదు. 100 శాతానికి దగ్గరికి లాక్కుని చేతి మీద బ్రష్ తిప్పుతున్నప్పుడు కనపడింది. దాని మీద ప్రత్యేకంగా ఒక చిన్న మాస్క్ పెట్టాను, ఎక్స్‌పోజర్ 0.3, క్లారిటీ కొద్దిగా. ఫొటో చూసినవాళ్లు ఇప్పుడు ముందు ముఖాన్ని చూస్తారు, అక్కణ్ణుంచి చేతికొస్తారు, అక్కణ్ణుంచి పోగుల వెంట పోతారు.

లైట్‌రూమ్ కొనాలా అని అడుగుతున్నారు కొందరు. అక్కర్లేదు. డార్క్‌టేబుల్ పూర్తిగా ఉచితం, అందులో గీసే మాస్కులూ ఉన్నాయి, వెలుగునీ రంగునీ బట్టి ఎంచుకునే మాస్కులూ ఉన్నాయి, రెంటినీ కలపొచ్చు. నేర్చుకోవడానికి కొంచెం ఓపిక కావాలి, అంతే. ఫోన్ ఒక్కటే ఉందంటే స్నాప్‌సీడ్ ఉంది, అదీ ఉచితమే. అందులో సెలెక్టివ్ అనే పనిముట్టుతో ముఖం మీద ఒక చుక్క పెట్టి, దాని చుట్టుపక్కల అదే రంగున్న మేరకే వెలుగు పెంచొచ్చు. బ్రష్ కూడా ఉంది, వేలితో రాయడమే. చిన్న తెర కదా అని భయపడకుండా రెండువేళ్లతో ఫొటోని పెద్దది చేసుకుని రాయండి. పెద్దది చేసేకొద్దీ మన రాత సన్నబడుతుంది.

మొదట ఏ ఫొటోతో మొదలుపెట్టాలంటే, కిటికీ పక్కనో గుమ్మం పక్కనో మనిషి కూర్చున్న ఫొటో. మన ఇళ్లలో అలాంటివి లేని ఆల్బమ్ ఉండదు. ముందు స్లైడర్లతో ఫొటో మొత్తాన్నీ ఒక మోస్తరు దారికి తెచ్చుకుని, తర్వాత ముఖం దగ్గరికి వెళ్లండి. ఫ్లో తగ్గించి, ఫెదర్ పెంచి, సగం స్టాపు చాలు. మాస్క్ పేరు పక్కనున్న కంటి గుర్తు నొక్కితే మార్పు పోతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. చాలా ఎక్కువ రాశామా అన్నది అలా ఆర్పి వెలిగించి చూస్తేనే తెలుస్తుంది.

నేనైతే ఇప్పుడు పాత ఫోల్డర్లన్నీ తవ్వుతున్నాను. కుదరవని వదిలేసినవన్నీ మళ్లీ పైకొస్తున్నాయి. ప్రస్తుతం తెర మీద బతుకమ్మ రాత్రి ఒకటి ఉంది. ఫ్లడ్‌లైటు మొత్తం తంగేడు, గునుగు పూల మీద పడి పసుపు మండిపోతోంది, చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్న ఆడవాళ్ల ముఖాలు చీకట్లో ఉన్నాయి, ఒక చిన్నపిల్ల మాత్రం సరిగ్గా వెలుగు అంచున నిలబడి తలెత్తి చూస్తోంది. పూలకి ఒక మాస్క్, ముఖాలకి ఒకటి, నేల మీది దుమ్ముకి డీహేజ్‌తో ఒకటి. ఆ పిల్లని మాత్రం ముట్టుకోను, సరిగ్గా ఉంది.